ఫ్లాష్ నక్కో



మా మామూ ఇంతెకాల్ అయిన నలభై రోజుల తర్వాత ముమానీ ఆయన సందూక్ నా ముందు పెట్టి, "నీకే కదా రాతల షౌక్, నువ్వే చూడు" అన్నది. పైన రెండు ఉల్లన్ స్వెటర్లు, కింద నెగటివ్‌ల కవర్లు, అన్నిటికీ అడుగున ఒక పాత ఫ్లాష్ గన్. బ్యాటరీ పెట్టే చోట తుప్పు పట్టి పచ్చగా అయింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు మామూ ముఖం కన్నా ముందు ఆయన మాట గుర్తొచ్చింది. "మైదాన్ మే ఫ్లాష్ నక్కో రే."

పత్తికొండ బజారులో ఆయనది చిన్న స్టూడియో. మా తరానికి పాస్‌పోర్ట్ ఫొటో అన్నా, నికాహ్ ఫొటో అన్నా, హజ్ దరఖాస్తు ఫొటో అన్నా ఆయన దగ్గరే. ఊరంతా ఆయన్ని ఫొటో భాయ్ అనేవాళ్లు. పెళ్లిళ్లలో ఫ్లాష్ కొట్టేవారు, జల్సాలలో కొట్టేవారు, టమోటా మార్కెట్‌కు మంత్రులొస్తే కొట్టేవారు. బండలాగుడు మైదానంలో మాత్రం కొట్టేవారు కాదు. సాయంత్రం వెలుగు తగ్గితే కెమెరా సంచిలో పెట్టుకుని వచ్చేసేవారు. ఎంత పైసా ఇస్తామన్నా అంతే.

దీనికి వజా 1986 ఎండాకాలంలో జరిగిన ఒక వాకియా. అది చెప్పే ముందు బండలాగుడు చూడని పిల్లల కోసం నాలుగు మాటలు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇది తెలియడం లేదు.

ఒక జత ఎద్దులు, ఎక్కువగా ఒంగోలు జాతివి. మెడ మీద కాడి, కాడికి గొలుసు, గొలుసు చివర పెద్ద రాతి బండ. వయసును పళ్లతో లెక్కేస్తారు. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. వయసు పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు. ఒక చివర నుంచి రెండో చివర దాకా పోవడం, తిరగడం, మళ్లీ రావడం. తిరిగే చోటే అసలు ఖతరా, ఎందుకంటే ఎద్దులు మలుపు తిరిగినా వెనక బండ తన దారినే జారుతుంది. డప్పులు, ఈలలు, మైకు, దుమ్ము. ఎద్దుల యజమానుల్లో రెడ్లు, కురువలు, బోయలు, మనవాళ్లు, దూదేకుల సోదరులు అందరూ ఉంటారు. మైదానంలో ఎద్దుకు మజ్హబ్ లేదు, పళ్లు మాత్రమే.

ఇక ఆ రాత్రి సంగతి. పత్తికొండకు దగ్గర్లోని ఒక ఊళ్లో జాతర. పోటీలు ఆలస్యమై చీకటి పడింది. జనరేటర్ మీద ట్యూబ్‌లైట్లు. మామూ చేతిలో యాషికా 120 కెమెరా. దాన్ని కంటికి ఆనించుకోరు, పొట్ట దగ్గర పట్టుకుని తల వంచి పైనుంచి గాజులోకి చూస్తారు. ఆ గాజులో కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పైగా చీకటి. మలుపు దగ్గర నిలబడి, అందాజాగా బటన్ నొక్కారు. ఫ్లాష్ వెలిగింది. వెలుపటి ఎద్దు పక్కకు లాగింది. బండ అడ్డంగా జారింది. పక్కన పరిగెత్తుతున్న పదహారేళ్ల పిల్లవాడి ఎడమ కాలి రెండు వేళ్లు పోయాయి.

"ఫ్లాష్ వల్లే" అన్నారు జనం. మామూ ఒక్క మాట తిరిగి అనలేదు. చేతి గడియారం అమ్మి ఆస్పత్రి ఖర్చుకు ఇచ్చారు. ఆ ఏడాది నుంచి చుట్టుపక్కల ఊళ్ల మైకుల్లో ఒక ఎలాన్ మొదలైంది. "ఫొటోలు తీసేవాళ్లు ఫ్లాష్ కొట్టొద్దు." రాతలో ఎక్కడా లేని హుకుం. అందరికంటే ముందు దాన్ని పాటించింది మామూనే.

ఆయన మీద పడిన ఇల్జాం నిజమా కాదా? ఫ్లాష్‌కు అంత తాకత్ ఉందా? ఈ సవాల్ పట్టుకుని నేను తారీఖ్‌లోకి దిగాను.

వెలుగు కంటిని దెబ్బతీస్తుందని రాసిన పెద్దల్లో ముందు గుర్తొచ్చేది మన ఇబ్న్ అల్ హైసమ్. బస్రాలో పుట్టి, కైరోలో బతికి, వెయ్యేళ్ల కింద 'కితాబ్ అల్ మనాజిర్' రాశారు. కన్ను నుంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకుతాయని అప్పటిదాకా చాలామంది ఉలమా, హుకమా అనుకునేవారు. కాదు, వస్తువు నుంచి వెలుగే కంట్లోకి వస్తుందని ఆయన సాబిత్ చేశారు. ఆయన దలీల్ చాలా సాదాది. బలమైన వెలుగును చూస్తే కన్ను నొప్పి పెడుతుంది, చూపు తిప్పుకుని చీకట్లోకి వెళ్లినా ఆ వెలుగు అచ్చు కాసేపు కంట్లోనే నిలిచి ఉంటుంది. అంటే ఏదో లోపలికి వచ్చిందన్న మాట. చీకటి గదికి సన్నని సూరాఖ్ చేసి, బయటి దీపాల వెలుగు లోపల గోడ మీద ఎలా పడుతుందో కూడా ఆయన పరీక్షించారు. కెమెరాకు పునాది అక్కడుంది. ఫ్లాష్ మీద ఫిర్యాదు కూడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

కానీ కెమెరా తయారవడానికి ఇంకా ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. ఇక్కడ మన జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1827 జులై 6న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. అదే కాలంలో ఫ్రాన్సులో నియెప్స్ తన కిటికీలోంచి కనబడే ఇళ్ల కప్పులను ఒక లోహపు పలక మీద నిలబెట్టాడు. లోకంలో ఈరోజుకూ మిగిలిన అన్నిటికన్నా పాత ఫొటో అదే. 1839లో దగేర్ ఫొటో విద్యను పారిస్‌లో ప్రకటించారు. అదే 1839లో మద్రాసులో మన్రో కంచు విగ్రహం నిలబడింది, గుర్రం మీద, రికాబులు లేకుండా. అదే 1839లో కంపెనీ ఫౌజ్ మన కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించి తిరుచిరాపల్లికి పంపింది. మరుసటి ఏడాది అక్కడే ఆయన ఖతల్ జరిగింది. దించినవాళ్ల పెద్దకు కంచు గుర్రం దక్కింది, మన నవాబుకు ఒక ఫొటో కూడా దక్కలేదు. కెమెరా కాస్త లేటయింది.

పరుగుకూ ఫొటోకూ దోస్తీ మాత్రం తొందరగానే కుదిరింది. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదులుతాయా లేదా అని అమెరికాలో బహస్ నడిచేది. లేలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే దౌలత్‌మంద్ ఆ సంగతి తేల్చమని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ముసవ్విర్‌కు అప్పజెప్పాడు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో ఆయన పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం దారం తెంపితే కెమెరా తెరుచుకుంటుంది. కాళ్లు నిజంగానే గాల్లో ఉన్నాయి, కాకపోతే ముందుకూ వెనక్కూ చాచుకుని కాదు, పొట్ట కిందికి ముడుచుకుని. అంతకుముందు వందల ఏళ్లుగా చిత్రకారులు వేసిన పరుగులన్నీ గలత్ అని తేలిపోయింది. నన్ను ఆపిన సంగతి వేరే. ఆ రోజు మైబ్రిడ్జ్ ఏ మెరుపూ వాడలేదు. తెల్లని గోడ కట్టించాడు, దారి మీద తెల్లని పొడి చల్లించాడు, పట్టపగలు ఎండలో తీశాడు. వెలుగును గుర్రం ముఖం మీదికి విసరలేదు, గుర్రం వెనక నిలబెట్టాడు.

మెరుపు వచ్చింది ఆ తర్వాత, 1887లో. జర్మనీలో అడాల్ఫ్ మీటె, యొహానెస్ గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పేలుడు మసాలా కలిపి ఫ్లాష్ పౌడర్ చేశారు. పళ్లెంలో పోసి ముట్టిస్తే భగ్గుమని వెలిగి, గదంతా తెల్లటి పొగ కమ్మేది. ఎంతమంది ఫొటోగ్రాఫర్లు చేతులు కాల్చుకున్నారో, కొందరు జాన్ కూడా పోగొట్టుకున్నారు. మహఫిల్‌లో ఒక ఫొటో తీస్తే రెండో ఫొటోకు పొగ పోయేదాకా ఆగాలి. ఇలాంటి దాన్ని పందెపు మైదానంలో వాడాలని ఎవరికీ ఖయాల్ వచ్చి ఉండదు. 1929లో జర్మనీలో గాజు బల్బు అమ్మకానికి వచ్చింది. సన్నని లోహపు రేకు, చుట్టూ ఆక్సిజన్, ఒక్కసారి వెలిగి కాలిపోతుంది. పొగ లేదు, చప్పుడు లేదు. మెరుపు అప్పుడే జేబులోకి వచ్చింది, జేబులో పట్టేది ప్రతి మైదానంలోకీ వస్తుంది. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ మెరుపును ఫొటోలకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. మామూ ఫ్లాష్ గన్ దాని మనవడు. స్విచ్ వేయగానే దోమలాగా కూయ్ మనేది, ఎర్ర దీపం వెలిగాక తయార్.

మన దక్కన్‌లో వెలుగుకూ తస్వీర్‌కూ ఎంత ఖ్యాల్ ఉండేదో కూడా ఒక మాట. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్. నిజాం ఆయనకు ఇచ్చిన ఖితాబ్ ముసవ్విర్ జంగ్. 1892లో ఆయన హైదరాబాదులో పర్దా పాటించే బేగంల కోసం జనానా స్టూడియో తెరిచారు. ఎత్తైన గోడలు, లోపల ఫొటో తీసేది ఒక ఇంగ్లీషు ఆడమనిషి. పొద్దు వెలుగు లోపలికి రావాలి, మగవాళ్ల నజర్ రాకూడదు. ఫొటోకు కూడా ఇజాజత్ ఉంటుందని, ఎక్కడ తీయాలి, ఎలా తీయాలి అన్నదానికి అదబ్ ఉంటుందని ఆ జమానాకు తెలుసు.

ఇప్పుడు మనం అమెరికా డ్రాగ్ రేసు దగ్గరికి రావాలి. పేరు వినగానే నవ్వొచ్చింది నాకు. అది లాగుడు పందెమే, ఎద్దుల బదులు ఇంజను. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. పాతకాలపు దూరం పావు మైలు, 1,320 అడుగులు. వాళ్లదీ అడుగుల లెక్కే! అన్నిటికన్నా పెద్ద బండ్లకు 2008 నుంచి 1,000 అడుగులకు తగ్గించారు, ఆ ఏడాది ఒక డ్రైవర్ ప్రాణం పోయాక. ఆ వెయ్యి అడుగులూ నాలుగు సెకన్ల లోపు అయిపోతాయి. 1951లో అక్కడ జాతీయ సంస్థ పెట్టినప్పుడు రేసు మొదలుపెట్టేది ఒక మనిషి. బండ్ల ముందు నిలబడి జెండా ఎగరేసేవాడు. 1963లో ఆ మనిషి పోయి దీపాల స్తంభం వచ్చింది. పసుపు దీపాలు, తర్వాత పచ్చ. పచ్చ రాకముందు కదిలితే ఎర్ర దీపం, రేసు హారినట్టే. బండి గీత మీదికి వచ్చిందా లేదా అన్నది నేల దగ్గర పోయే సన్నని వెలుగు కిరణాలు చెబుతాయి. చక్రం ఆ కిరణాన్ని అడ్డుకుంటే స్తంభం మీద దీపం వెలుగుతుంది. సెకనులో వెయ్యో వంతు లెక్క.

అంటే ఆ ఆట మొత్తం వెలుగు మీదే నడుస్తుంది. డ్రైవర్ సర్వశక్తులూ కూడదీసుకుని ఒక దీపం కోసం చూస్తూ ఉంటాడు. అలాంటప్పుడు పక్క నుంచి ఇంకో మెరుపు వస్తే? మెదడు రంగు చూసేలోపు కాలు కదిలిపోతుంది. రాత్రి పూటైతే ఇంకా ముసీబత్. చీకటికి అలవాటు పడిన కంట్లో ఇబ్న్ అల్ హైసమ్ చెప్పిన ఆ వెలుగు అచ్చు నిలబడిపోతుంది. గంటకు నాలుగు వందల యాభై కిలోమీటర్ల రఫ్తార్‌లో ఒక మచ్చ వెనక నుంచి దారి చూడాల్సి వస్తుంది. అందుకే రాత్రి రేసుల్లో స్టార్ట్ దగ్గర ఫ్లాష్ అంటే ఖతరా. ఎవరైనా ఎదురు వాదించవచ్చు, ఆ బండ్లే గొట్టాల్లోంచి మంటలు కక్కుతాయి కదా, చిన్న ఫ్లాష్‌కు ఏం భయం అని. ఆ మంట డ్రైవర్ ఎరిగినది, ప్రతిసారీ వచ్చేది. భయం ఎప్పుడూ ఎరగని దానితోనే.

జిమ్నాస్టిక్స్‌లోనూ, బ్యాడ్మింటన్‌లోనూ ఫ్లాష్ కొట్టొద్దన్నది కాయిదా. గచ్చిబౌలిలో మ్యాచ్ చూసినవాళ్లకు ఆ ఎలాన్ గుర్తుండే ఉంటుంది. గుర్రప్పందేల్లో గుర్రాలను తిప్పే చోట కూడా ఫ్లాష్ కొట్టనివ్వరు. అక్కడి సబబు మనుషుల కన్ను కాదు, జానవర్ కన్ను.

ఎద్దు సంగతికి వస్తున్నాను. రాత్రి పూట లారీ దీపాల ముందు పశువు కళ్లు పచ్చగా మెరవడం మనందరం చూశాం. వాటి కంటి వెనక అద్దం లాంటి ఒక పొర ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది తిప్పి కొట్టి, కంటికి రెండోసారి చూసే మౌకా ఇస్తుంది. అందుకే చీకట్లో ఎద్దు మనకన్నా బాగా చూస్తుంది. మనిషికి ఆ పొర లేదు. ఫొటోల్లో మన కళ్లు ఎర్రగా పడేది నెత్తురు రంగు వల్ల. ఎద్దు కళ్లు తల పక్కలకు ఉంటాయి కాబట్టి, తల తిప్పకుండానే చుట్టూ దాదాపు అంతా చూడగలదు, సరిగ్గా వెనక తప్ప. పక్కన నిలబడిన ఫొటోగ్రాఫర్ తనను అది చూడలేదనుకుంటాడు. అది చూస్తూనే ఉంటుంది. మెరిసే వస్తువు, తళుక్కుమనే నీటి మడుగు, ఊగే గొలుసు, హఠాత్తుగా పడే నీడ, వీటి దగ్గర పశువులు ఆగిపోతాయని, బెదురుతాయని అమెరికా పశువుల మాహిర్ టెంపుల్ గ్రాండిన్ ఏళ్ల తరబడి గమనించి రాశారు. మా ఊరి కాపు రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. కొత్త ఎద్దును మెరిసే స్టీలు బిందె ముందు నుంచి తోలరు.

కాబట్టి మామూ మీద వచ్చిన ఇల్జాం బేబునియాద్ కాదు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను.

హుకుంల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పత్తికొండ నుంచి గుత్తి వైపు పోతే ఎర్రగుడి. అక్కడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దపు రాత. ఆ పద్నాలుగు శాసనాల్లో మొదటిదాంట్లో బాద్షా చెప్పిన మాట, జీవాలను చంపొద్దు, సమాజాలు జరపొద్దు అని. సమాజం అంటే అక్కడ జాతర, మేళా, తమాషా. వాటిలో చాలా దోషం కనబడుతోందంటాడు. ఆ వెంటనే, కొన్ని సమాజాలు మంచివే అని కూడా అంటాడు! రెండు వేల రెండు వందల ఏళ్ల కింద మన గుండు మీదే ఈ బహస్ మొదలైంది, ఇంకా తెగలేదు. 2011 జులైలో కేంద్రం ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీం కోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ కానూన్‌లు మార్చుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు జడ్జీల బెంచ్ ఆ మార్పులు చెల్లుతాయన్నది. కొన్ని సమాజాలు మంచివే అన్నట్టు. పోటీలు ఉండాలా వద్దా అన్నదాని మీద నా రాయి నాకుంది, చర్నాకోల దెబ్బలు నేనూ చూశాను. ఈరోజు మాట మాత్రం ఫ్లాష్ గురించి.

ఈ ఉగాదికి ఒక మైదానానికి పోయాను. మైకులో అదే పాత ఎలాన్. కానీ ఇప్పుడు ఫొటో భాయ్ ఒక్కడు కాదు, రెండు వేల మంది. ప్రతి చేతిలో ఫోను, ఫోనులో టార్చ్, కొందరు లైవ్ పెట్టి లైటు ఆర్పడమే మరిచిపోతారు. ఒక నౌజవాన్‌ను అడిగాను, "బేటా, లైటు ఆపరాదా?" అని. "అది ఆటోమేటిక్ చిచ్చా" అన్నాడు. మామూ వేలితో నొక్కాడు కాబట్టి తప్పు మామూది. ఈ పిల్లవాడి తప్పు ఎవరిదో!

సందూక్‌లోని కవర్లు ఒక్కొక్కటే విప్పుతుంటే 1986 అని రాసిన ఒక కవర్ దొరికింది. లోపల పన్నెండు నెగటివ్‌లు, ఒకే ఒక ప్రింటు. ఆ రాత్రిదే. మామూ దాన్ని కడిగి ప్రింటు తీశారని ముమానీకి కూడా తెలియదు. నలుపు తెలుపు ఫొటో. మలుపు దగ్గర ఎద్దులు, నాలుగు కళ్లల్లో మూడు తెల్లటి బిందువులై మండుతున్నాయి. గొలుసు బిగుసుకుని ఉంది. బండ పక్కన బక్కపల్చని పిల్లవాడు. వాడు బండను చూడటం లేదు. ఎద్దులనూ చూడటం లేదు. తల పూర్తిగా మా మామూ వైపు తిప్పి, కెమెరాలోకి చూస్తూ నవ్వుతున్నాడు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు మనవళ్లున్నారు. ప్రింటు తీసుకుని వాళ్ల ఇంటికి పోయాను. చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు.

"ఫొటోలో పడాలని నేనే పిలిచినా ఆయన్ని. 'భాయ్, ఇటు ఇటు' అని అరిచినా. ఆ గలాటలో ఆయనకు ఇనపడిందో లేదో."

"ఈ మాట అప్పుడు ఎందుకు చెప్పలేదన్నా?"

"మా నాయన కొడతాడని. ఆ తర్వాత ఆయనే వాచీ అమ్మి డబ్బులిచ్చె. ఇంక ఏం జెప్పాల?"

మామూకు ఆ పిలుపు వినబడిందా? వినబడి కూడా ముప్పై ఏళ్లకు పైగా నోరు మూసుకున్నారా? ప్రింటు వెనక ఏమీ రాయలేదు, తారీఖు తప్ప.

వాళ్ల కొడుకు దుబాయిలో ఉన్నాడట, అతనికి పంపుతానని ఆ ప్రింటును నా ఫోనుతో ఫొటో తీయబోయాను. ఇంట్లో వెలుతురు తక్కువ. ఫోను తనంతట తానే మెరిసింది. తెర మీద చూస్తే పిల్లవాడి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి గుండ్రటి మచ్చ.

"అబ్బీ, ఆ లైటు ఆపు. బయట ఎండలోకి పోదాం పద" అంటూ ఆయన మంచం మీది నుంచి లేచి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, ప్రింటు పట్టుకుని నా ముందు నడిచాడు.